హుష్, పో!

ఆ అక్క కుడి చెయ్యి ఎప్పుడూ ఊరికే ఉండేది కాదు. జువ్వలదిన్నెలో చేపలు ఎండబెడుతుంది. కాకులు వాలకుండా రోజంతా కర్ర ఊపి ఊపి, నా డీటీపీ షాపులో కూర్చున్నా ఆ చెయ్యి ఊగుతూనే ఉండేది.

నలభై ఎనిమిదేళ్లకు ఆమెకు నవల రాయాలనిపించింది. కూర్చుని రాసే తీరిక లేదు. అందుకని ఇసుక మీద ఎండేసిన నెత్తళ్ల చేపలకు కాపలా కాస్తూ ఫోనుకు కథ చెప్పేది. ఫోను దాన్ని అక్షరాలుగా మార్చి నాకు పంపేది. నడివయసులో రెక్కలు మొలిచి, సముద్రం దాటిపోయే ఒక ఆడమనిషి కథ అది.

అయితే రెండు వాక్యాలకోసారి "హుష్, పో!" అని ఉండేది. కాకులను తోలిన మాటలను కూడా ఫోను వదల్లేదు. ఓపిగ్గా అన్నీ తీసేశాను.

ప్రూఫు చూస్తూ అక్క ఒక పేజీ దగ్గర ఆగింది. అక్కడ రాక్షసుడు ఆ ఆడమనిషి దారికి అడ్డం నిలబడతాడు.

"ఈడ 'పో' అని ఉండాలే, ఏమైంది?"

"అది కాకినన్న మాట కదక్కా!"

"కాకినే అన్నా. ఇంట్లో ఎవుర్నీ అనలేకపోతిని. కథలో ఆమెనైనా అననీ, అబ్బయ్యా."

ఊగే చెయ్యి ఆగిపోయింది. ఆ ఒక్కటీ తిరిగి పెట్టాను. రాక్షసుడు దారిలోంచి తప్పుకున్నాడు.