ప్రీ-ఆంప్ మీద నేను వేసిన బగ్

ఆ రోజుల్లో మాకు జీతం కన్నా అభిప్రాయాలే ఎక్కువ. హైటెక్ సిటీ చుట్టూ ఇంకా రాళ్లగుట్టలే. పుప్పాలగూడలోని నా కిరాయి గది నుంచి ఆఫీసుకు చేరేసరికి చొక్కా రంగు మారిపోయేది. అయినా దేని గురించి అడిగినా తెలియదు అన్నవాణ్ణి కాను. ఆ గదిలో ఒక సీడీ ప్లేయర్, ఒక పాత పవర్ ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు, ప్లేయర్‌కూ ఆంప్‌కూ నడుమ నేను తయారుచేసిన వాల్యూమ్ డబ్బా ఉండేవి (స్టీలు టిఫిన్ డబ్బాకు రంధ్రం చేసి ఒక నాబ్ బిగించాను, అంతే, దానికి కరెంటు కూడా అక్కర్లేదు). ఇంతకు మించి ఏ స్టీరియోకూ ఏదీ అవసరం లేదని నా సిద్ధాంతం. కాదని మా టీమ్ లీడు సిద్ధాంతం. ఆయనది భీమవరం వైపు. చాటుగా సౌండు సార్ అనేవాళ్లం. సన్నటి సిగ్నల్‌కు బలమిచ్చే ప్రీ-ఆంప్ మధ్యలో ఉండి తీరాలనీ, కరెంటుతో నడిచే ఆ పెట్టె లేని పాట ఉప్పు లేని పప్పనీ రోజూ క్యాంటీన్‌లో చెప్పేవాడు. ఆయన కొత్తగా ఒకటి కొన్నాక టీమంతా వెళ్లి విని, లోతు పెరిగిందని కొందరు, తెర తొలగినట్టుందని కొందరు మెచ్చుకుని వచ్చారు. నేను వెళ్లలేదు. వెళ్లకుండానే దండగన్నాను.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయనకు ఒళ్లు మండి, నోటితో అనడం కాదండి, రాసి చూపించండి అన్నాడు. రాయమంటే మాకు తెలిసిన చోటు ఒక్కటే. మేము టెస్టర్లం. ప్రోగ్రాములో దొరికిన ప్రతి తప్పునూ బగ్ అని ఆఫీసు సిస్టంలో ఎక్కిస్తాం; ఎక్కించినవాడే మళ్లీ పరీక్షించి దాన్ని మూసేయాలి, ఇంకెవరూ ముట్టకూడదు. నేను పోయి అందులో రాసేశాను: 'లీడు ఇంట్లో ప్రీ-ఆంప్ అనవసరం. తీవ్రత: ఎక్కువ.' ఎక్కించిన ప్రతి బగ్గూ దానంతటదే క్లయింటుకు మెయిల్‌గా వెళ్తుందన్న సంగతి ఆ ఊపులో గుర్తుకు రాలేదు. తెల్లారేసరికి క్లయింటు జవాబు వచ్చింది, ఈ ప్రీ-ఆంప్ ఏ మాడ్యూల్లో ఉంది, ఎప్పటికి సరిచేస్తారు అని.

సౌండు సార్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ఆ నెలలో ఆయన సంతకం పడాలి. "పొరపాటున రాశానని చెప్పి మూసేయండి. గొడవ వదిలిపోతుందండి," అన్నాడు మెల్లగా. నాకు భయం వేసింది. ఉద్యోగం పోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి అనిపించింది. కానీ నా నోరు ఊరుకోదు కదా.

"మల్ల టెస్ట్ చెయ్యకుండ ఎట్ల మూస్త సార్? మీరే కద నేర్పిన్రు," అన్నాను.

అలా ఆదివారం టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని శేరిలింగంపల్లిలో వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. మేమిద్దరం హాల్లో స్పీకర్ల ముందు కూర్చున్నాం. సార్ భార్య (నేను అక్కా అనేవాణ్ణి) పడకగది తెర వెనక నిలబడి, వాల్యూమ్ సమానంగా పెట్టి, ఒకసారి ప్రీ-ఆంప్, ఒకసారి నా డబ్బా కలుపుతుంది; ఏది ఏదో మేము చెప్పాలి. మొదటి పాటకే తేడా తెలిసిపోయింది. ఒకసారి తాళాలు ఘల్లుమన్నాయి, రెండోసారి ఎవరో దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. ఆ దుప్పటి నా డబ్బాదేనని అక్క తెర వెనక నుంచి చెప్పింది. "మా రూముల మంచిగనే పనిచేస్తది సార్," అన్నాను. అప్పుడు సార్ ముఖంలో వెలుగు చూడాలి. తప్పు దొరికిన ప్రోగ్రామర్లంతా, నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందని తప్పించుకుంటారు. ఆ మాట అన్నవాణ్ణల్లా ఏడిపించుకుతిన్నది నేనే.

అయినా వదల్లేదు. నేల మీద పడి వైరు వెంబడి పాకాను. మంచం దిగకుండా పాట మార్చుకోవాలని సార్ ప్లేయర్‌ను పడకగదిలో పెట్టుకున్నాడు. పవర్ ఆంప్ హాల్లో ఉంది. నడుమ గోడవారగా వైరు ఇల్లంతా చుట్టి వచ్చింది. అంత పొడుగు వైరు వెంట సిగ్నల్‌ను ఈడ్చే బలం నా డబ్బాకు లేదు, ప్రీ-ఆంప్‌కు ఉంది. ప్లేయర్‌ను హాల్లోకి తెచ్చి జానెడు వైరుతో కలపమన్నాను. సార్ వద్దన్నాడు, అక్క తెచ్చేసింది. మమ్మల్ని గోడవైపు తిరిగి కూర్చోమంది. ఈసారి సార్ కళ్లు మూసుకుని, ప్రీ-ఆంప్ అంటే ఇదీ అని మైమరిచిపోయాడు. అక్క మమ్మల్ని ఇటు తిరగమంది. మోగుతున్నది నా టిఫిన్ డబ్బా.

సోమవారం కూడా నేను బగ్ మూయలేదు. 'పడకగదిలో అవసరం, హాల్లో అనవసరం' అని సవరించాను. క్లయింటుకు అది ఇంకా అర్థం కాలేదు. సార్ నా పర్మనెంట్‌ను వెనక్కి నెట్టి, కారణం దగ్గర మొండితనం అని రాశాడు. చదివి గర్వపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

ఇప్పుడు కోకాపేటలో పదిహేడో అంతస్తులో ఉంటున్నాను, సార్ కన్నా పెద్ద కుర్చీలో కూర్చుంటున్నాను. ప్రీ-ఆంప్ మాత్రం కొనలేదు, కొనను. టీమ్ పిల్లలు ఇంటికొస్తే పాట పెడతాను. పూర్తిగా వినకముందే సూపర్ సార్ అంటారు. మొన్న కావాలనే ఒక స్పీకర్ వైరు పీకేసి పెట్టాను. అందరూ తలలూపారు; లోతు బాగుందని కూడా ఒకమ్మాయి అంది. నవ్వొచ్చింది, కాస్త దిగులూ వేసింది. పుప్పాలగూడ నుంచి వచ్చిన ఆ మొండివాడు వాళ్లలో ఉండి, ఒక్క దిక్కే మోగుతుంది సార్ అని ఉంటే, అక్కడికక్కడే సంతకం పెట్టేవాణ్ణి. పాట అయిపోయేదాకా ఎవరైనా అంటారేమోనని చూశాను.