తలెత్తిన పన్నెండు సెకన్లు

అయినా నేనడిగినదాంట్లో తప్పేముంది? మూడు గంటల పెళ్లి డీవీడీ పెట్టుకుని, ప్లే నొక్కకుండా ఉత్త మెనూ చూస్తూ కూర్చునే మనిషిని ఎవరైనా ఎందుకని అడుగుతారు.

"ఇదే బాగుండాది," అన్నాడు. అంతే జవాబు.

ఆయన మా మేనమామ. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కుతాడు. అత్త పోయి ఏడాదైంది, పిల్లలు లేరు. పది రోజులుందామని బెంగళూరు నుంచి వెళ్తే, మధ్యాహ్నం అన్నం తినగానే టీవీలో ఆ మెనూ. ‘ముహూర్తం’, ‘తలంబ్రాలు’, ‘విందు’ అని మూడు గళ్లు, వాటి వెనక పెళ్లిచీరలో నవ్వుతూ కదిలే అత్త బొమ్మ. ఒకటే సన్నాయి ముక్క, మళ్లీ మళ్లీ. ఫోన్ చూసుకుంటూ నేనో మూల, ఉలి పట్టుకుని ఆయనో మూల.

మూడో రోజు తట్టుకోలేక రిమోట్ లాక్కుని ప్లే నొక్కాను.

"ఎందుకు నొక్కినావు పాపా? ఎనక్కి తియ్యి."

తీద్దామంటే స్టూడియో ప్రకటన మొదలైంది. ఏ బటన్ నొక్కినా తెరమీద అడ్డంగా చెయ్యి బొమ్మ. ముందుకు పోనివ్వదు, మెనూకీ రానివ్వదు. ఒళ్లు మండి డిస్క్ బయటికి లాగి మళ్లీ తోశాను. గీతలు పడ్డ పాత డిస్క్. ‘నో డిస్క్’ అంది. ఆరుసార్లు తోశాను, ఆరుసార్లూ అదే. మామ తిట్టినా బాగుండేది. లేచి టీవీ ఆపేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ఆ డిస్క్ చేసిన ఆత్మకూరు స్టూడియోకి వెళ్లాను. అక్కడాయన దాన్ని తుడిచి, పాలిష్ పట్టి, పెళ్లంతా నా ఫోన్లోకి ఎక్కించాడు. ఇంక ఈ డిస్క్ ఆడదన్నాడు.

"మరి మెనూ ఏదండీ?"

"మెనూ ఎవురు జూస్తారమ్మా? అందరూ దాటేసేదే గదా."

"మా మామ చూస్తాడు! అదొక్కటే చూస్తాడు!" షాపంతా నావైపు తిరిగింది.

ఆయన కంప్యూటర్లో మెనూ తెరిచి, నవ్వాడు. "ఓ, ఈ పాపా! పెళ్లికూతురంటే తల దించుకోవాల గదా. ఈమేమో ఉన్నట్టుండి తలెత్తి కెమెరాని జూసి నవ్వింది. పెద్దోళ్లు తిడతారని పెళ్లి సినిమాలోంచి కోసేసినా. పారేసేదానికి మనసొప్పక ఈడ పెట్టినా."

అక్కడే నిలబడి సినిమా అంతా జరిపి చూశాను. నిజమే. అత్త ఎక్కడా తలెత్తలేదు.

ఆ పన్నెండు సెకన్లు తీయించుకుని తిరిగొచ్చాను. మామ ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని చూశాడు.

"ఆగిపోయిందే?"

"మళ్లీ నొక్కు మామా."

"నేను నొక్కితే ఆమె చూసినట్టు గాదు పాపా. ఆమె పాటికి ఆమె చూడాల."

రిపీట్‌లో పెట్టి, చార్జర్ తగిలించి, ఫోన్‌ని ఒక చెక్కముక్కకి ఆనించాను. సన్నాయి మొదలైంది. ఆయన ఉలి అందుకున్నాడు.

ఆయన దగ్గరుండేది బటన్ల ఫోను. అందుకే బెంగళూరుకి వచ్చేటప్పుడు నాది అక్కడే వదిలేశాను. నెల్లూరు బస్సులో చెయ్యి ఊరికూరికే ఖాళీ జేబులోకి పోయింది. దారంతా లెక్కేసుకున్నాను, ఈపాటికి నాకు ఎవరు ఫోన్ చేసుంటారని. ఒక్క పేరూ తట్టలేదు.

అందరూ దాటేసేదే గదా అన్నాడు స్టూడియో ఆయన. మీరూ అదే అంటారా? మీవైపు చూసి నవ్వే మనిషి ఆ ఒక్కచోటే మిగిలుంటే, మీరు మాత్రం ప్లే నొక్కుతారా?