టేకు హోటలు

మా వీధి మలుపులో కొత్తగా ఒక వడ్రంగి దుకాణం పెట్టాడు. పొద్దున్నే రంపం మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళకు ఆ చప్పుడు తలనొప్పి. నాకు మాత్రం చప్పుడుతో పేచీ లేదు, వాసనతోనే చిక్కు. అప్పుడే కోసిన టేకు వాసన, నూనె రాసి ఎండలో పెట్టిన పాత తోలు చెప్పుల వాసనలా ఉంటుంది. అది ముక్కుకు తగిలిందంటే చేతిలో కాఫీ చల్లారిపోవలసిందే. "తాతయ్య మళ్ళీ రంగం వెళ్ళిపోయాడు" అని మనవరాలు నవ్వుతుంది. దాని మాట నిజమే. రంగూనును మావాళ్ళు రంగం అనేవారు. నోటికి ఏది సులువైతే అదే పేరు. ఆ నోటి సులువు పుణ్యమాని ఒకసారి మా అందరి పరువూ, ఒక మంచి మనిషి కులమూ కూడా బల్ల మీదికి వచ్చాయి. ఆ మనిషి అప్పన్న మేస్త్రి. ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఎరగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

రంగూనులో పజుండౌంగ్ కాలువ ఒడ్డున ఒక రంపపు మిల్లులో హాజరు రాసే గుమాస్తాగా చేరినప్పుడు నాకు మీసాలు వచ్చి ఎంతో కాలం కాలేదు కానీ, మెట్రిక్యులేషను దాకా చదివానన్న మిడిసిపాటు మాత్రం బాగా ముదిరింది. అప్పన్న మేస్త్రి శ్రీకాకుళం వైపు మనిషి. మిల్లులో పనిచేసే మన తెలుగువాళ్ళలో సగంమందిని ఓడ ఎక్కించి తెచ్చినవాడు ఆయనే. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. ఆ నవ్వు కాలువకు అవతలి ఒడ్డున ఉన్న సంపాను పడవలవాళ్ళకు కూడా వినిపించేది. కోపం వస్తే మాత్రం గొంతు తగ్గిపోయేది. అందుకని ఆయన అరిస్తే ఎవరూ భయపడేవారు కాదు, మెల్లగా మాట్లాడితే భయపడేవారు.

మిల్లు వెనక పొడుగాటి రేకుల పాకలో మా బస. ఊళ్ళో ఒకరింట ఒకరు మంచినీళ్ళు ముట్టని కులాలవాళ్ళు అక్కడ ఒకే పొయ్యి మీద వండుకుని ఒకే వరసలో కూర్చుని తినేవారు. "సముద్రం దాటినాక గట్టుమీద గొడవలేటి?" అనేవాడు మేస్త్రి. ఆయనకు భోజనం దగ్గర ఒక్కటే పట్టింపు. పంక్తిలో ఆఖరివాడు చెయ్యి కడుక్కోబోయేదాకా ఎవరూ లేవకూడదు. వరసలో అందరికంటే ముందు తినేసేది ఆయనే. ఖాళీ కంచం ముందు పెట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చునేవాడు గానీ లేచేవాడు కాదు.

మా వరసలో ఒక బర్మావాడు కూడా ఉండేవాడు. పేరు తిన్. బర్మావాళ్ళు ఈడువాడిని పిలిచేటప్పుడు పేరు ముందు 'కో' చేరుస్తారు కనుక అతను కో తిన్. దుంగలకు గొలుసులు వేసే పని. మేస్త్రి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు, విభక్తులన్నీ ఒక పక్కకు నెట్టేసి. "పేరులోనే తిండి ఎట్టుకున్నాడు, ఈడికి కరువేటి?" అని మావాళ్ళు ఆటపట్టించేవారు. ఒకసారి అతను వాళ్ళమ్మ చేసిన నప్పి తెచ్చాడు. చేపలను పులియబెట్టి నూరి చేసే ముద్ద అది. మూత తీయగానే గవరయ్య ముక్కు మూసుకుని లేచాడు. గవరయ్య రంపం దగ్గర పెద్ద పనివాడు, తులసిమాల వేసుకునే భక్తుడు, శుభ్రం మనిషి.

"గవరయ్యా, తినకపోతే మానీ. లెగకు" అన్నాడు మేస్త్రి.

"కంపు మేస్త్రీ!"

"మీ యమ్మ ఎండురొయ్యలు ఏపినప్పుడు మీ ఈదంతా మల్లిపూల వోసనొచ్చినాదేటి?"

పాక అంతా గొల్లుమంది. గవరయ్యకూ నవ్వాగలేదు, కూలబడ్డాడు. ఆ సాయంత్రం మేస్త్రి నాతో అన్న మాట ఇది: "తినకపోడం మన నోటికి సమ్మందించింది, గుమస్తాబావూ. లెగిపోడం ఎదటోడి మొకానికి సమ్మందించింది." చదువుకున్నవాణ్ణి కదా, అప్పటికి అది ఏదో ముతక సామెత అనుకున్నాను.

కొన్నేళ్ళకు మేస్త్రికి మోకాళ్ళు పట్టేశాయి. కాలువ నీళ్ళలో జీవితమంతా నిలబడితే ఏ మోకాళ్ళు ఊరుకుంటాయి? ఇక ఊరు వెళ్ళిపోతానన్నాడు. ఆ మాట విని గవరయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు కో తిన్ వచ్చి మా అందరి ముందు నిలబడ్డాడు.

"ఊ అప్పన్న టేకు కోసేడు, టేకు కోసేడు, ముసలి అయ్యేడు. ఆదివారం టేకు హోటల్ కూకుంటాడు, దొరలాగ. నేను పిలిచేను. అందరికి."

'ఊ' అంటే వాళ్ళ భాషలో పెద్దవారిని అనే మాట. టేకు హోటలు అంటే లత పేటలో ఒక చీనావాడు నడిపే ఇంగ్లీషు తరహా హోటలు. ఓడల మీద వచ్చే దొరలు అక్కడ తింటారని, తెల్లగుడ్డ పరిచిన బల్లలూ, తలమీద తిరిగే పంకాలూ ఉంటాయని అందరమూ విన్నాం. ఎవరమూ లోపలికి వెళ్ళలేదు. కో తిన్‌కు ఆ పేరు చెప్పింది మన తెలుగు రిక్షావాళ్ళే. దొరలను దింపేది వాళ్ళే కనుక ఊళ్ళో హోటళ్ళన్నీ వాళ్ళకు కొట్టినపిండి. టేకు దుంగలు కోసే మనిషికి టేకు హోటల్లో వీడ్కోలు విందు! ఆ ఊహ అందరికీ ఎంత నచ్చిందంటే గవరయ్య కూడా పంచె ఉతికించుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నూనె రాసిన తలలతో బయలుదేరాం. హోటలు గుమ్మం మీద ఇంగ్లీషులో పేరు రాసి ఉంది. 'టేకు' ముందు 'ఎస్' అక్షరం ఒకటి అదనంగా కనిపించింది. చీనావాడి చేత రాయిస్తే ఇంతే అని నాలో నేను నవ్వుకున్నాను. నా మెట్రిక్యులేషను చదువులో ఆ మాట ఎక్కడా తగలలేదు మరి.

లోపల బల్లల మీద కత్తులూ, ముళ్ళ చెంచాలూ వరసగా పెట్టి ఉన్నాయి. మేస్త్రి ఒక ముళ్ళ చెంచా ఎత్తి చూసి, "దీంతో గడ్డి ఎత్తొచ్చు గానీ మెతుకులు నిలుస్తాయేటి?" అన్నాడు. కో తిన్ మొహం వెలిగిపోతోంది. హోటలు యజమాని స్వయంగా వచ్చి, ఇంతమంది ఒక్కసారి వచ్చినందుకు సంతోషపడి, బర్మా భాషలో గర్వంగా చెప్పాడు: ఒక్కొక్కరికి ఒక్కొక్క 'స్టేకు', అంటే అరచేతి మందం ముక్క, మంచి లేత ఎద్దుది, ఇప్పుడే పెనం మీద వేయిస్తున్నాను అని.

నాకు బర్మా భాష వచ్చు. గవరయ్యకూ వచ్చు. కో తిన్ మొహం సున్నం కొట్టినట్టు అయిపోయింది. ఆ 'ఎస్' అక్షరం ఎందుకు ఉందో నాకు అప్పుడు బోధపడింది.

గవరయ్య లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. "ఆవుమాసం హోటలికి తెచ్చినాడు! కావాలనే తెచ్చినాడు! మన కులం సెరపడానికి తెచ్చినాడు, రేపు మిల్లులో నవ్వడానికి!"

"తెల్దు, తెల్దు" అన్నాడు కో తిన్. అతనికి తెలుగు మాటలు అందడం లేదు. "నా అమ్మ ఎద్దు తిన్దు. ఎద్దు పొలం దున్ను. నేను తిన్ను. తెల్దు."

"లెగండ్రా అందరూ! మేస్త్రీ, నువ్వూ లెగు. ఈ సంగతి ఊల్లో తెలిస్తే నిన్ను పంక్తిలో కూకోనిస్తారేటి? జన్మంతా సంపాదించిన పేరు గంగలో కలిసిపోద్ది!"

అప్పటి రోజులు ఎలాంటివో కొంచెం చెప్పాలి. మిల్లుల్లో, రేవులో పనులు తక్కువై చేతులు ఎక్కువవుతున్న కాలం. తెలుగువాడు మా కూడు లాక్కున్నాడని బర్మావాళ్ళు, బర్మావాడు మా మీద కన్నేశాడని మనవాళ్ళు గొణుక్కుంటున్నారు. బర్మావాడు తెలుగువాళ్ళను మోసం చేసి గోమాంసం దగ్గర కూర్చోబెట్టాడన్న మాట ఒక్కటి పాకకు చేరితే చాలు. కో తిన్ మర్నాడు పనిలోకి వచ్చి తిరిగి ఇంటికి వెళ్ళేవాడో లేదో నేను చెప్పలేను. మాలో ముగ్గురు అప్పటికే లేచి నిలబడ్డారు. నా కాళ్ళు కూడా లేవడానికే చూస్తున్నాయి. అందరమూ మేస్త్రి వైపు చూశాం.

ఆయన కదలలేదు. గొంతు తగ్గించాడు.

"కూకోండి."

ఎవరూ కూర్చోలేదు.

"గవరయ్యా, రైలాగే సోటుని ఏటంటావు?"

"టేసను" అన్నాడు గవరయ్య, అర్థం కాక.

"నన్నట్టుకెల్లే ఓడని?"

"టీమరు."

"స్టేషన్ని టేసనన్నాం. స్టీమర్ని టీమరన్నాం. దీన్నీ అలగే మింగీసినాం. ఆడికి టేకు హోటలని సెప్పినోలెవులు? మన రిక్షావోలు. మన నాలిక సేసిన పనికి ఆడి పీక మీదకెల్తావేటి?" అని, నా వైపు తిరిగి, "అవునా, గుమస్తాబావూ?" అన్నాడు.

అవునన్నాను. ముందు ఆ అక్షరాన్ని చూసి నవ్వుకున్నానని కూడా చెప్పాను. ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి బల్ల మీది తెల్లగుడ్డ అంచు ఎత్తి, కింది చెక్కను వేళ్ళ కణుపులతో రెండుసార్లు కొట్టాడు.

"ఇదేటి కర్ర?"

"టేకు" అన్నారు ఇద్దరు ముగ్గురు, అలవాటుగా.

"మరింకేటి? టేకు బల్ల కాడ కూకున్నాం. రేపు మిల్లులో ఎవులడిగినా టేకు హోటలికెల్లినామనే సెప్పండి. అబద్దం కాదు గదా. మాసం మనకొద్దు. పెనం మీద ఏసిందీ వొద్దు. అరటిపళ్ళున్నాయేమో అడుగు, తిన్నూ."

ముందు నేను కూర్చున్నాను. తరువాత ఒక్కొక్కరే కూర్చున్నారు. చీనావాడు మొదట నొచ్చుకున్నా, సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వి, అప్పుడే వచ్చిన డబల్‌రొట్టెలు, అరటిపళ్ళు, గోలీసోడాలు తెచ్చి పెట్టాడు. గవరయ్య కుర్చీ ఎత్తి నిలబెట్టుకుని కూర్చున్నాడు గానీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మేస్త్రి అతన్ని ఒక్కమాట అనలేదు. అరటిపండును కత్తితో చక్రాలుగా కోసి, ముళ్ళ చెంచాతో గుచ్చి, దొరలా మెడ నిక్కించి నోట్లో పెట్టుకునేసరికి గవరయ్యకు కూడా నవ్వు తన్నుకొచ్చింది. కో తిన్ మాత్రం రొట్టె నములుతూ ఏడుస్తూనే ఉన్నాడు. ఆఖరివాడి సోడా అయ్యేదాకా మేస్త్రి అక్కడే కూర్చున్నాడు. అంతకంటే మంచి విందు నేను ఎరగను.

ఆయన ఓడ ఎక్కి వెళ్ళాక కొంతకాలానికి నేనూ ఒకసారి స్వదేశం వచ్చాను. మేస్త్రి ఊళ్ళో మా దూరపు చుట్టాల పెళ్ళి ఉంటే, ఆయన్ను చూడవచ్చుగదా అని పనిగట్టుకుని వెళ్ళాను. పందిట్లో బంతి సాగుతోంది. ఆయన బంతిలో లేడు. పందిరికి అవతల, పశువుల కొట్టం పక్క అరుగు మీద, ఒక్కడే విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

పెళ్ళివారి మనిషి ఒకాయన నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. టేకు హోటలు కథను మేస్త్రి ఊరికి వచ్చిన కొత్తలో, మా ఎవరి పేర్లూ ఎత్తకుండా, తానే నవ్వుతూ అందరికీ చెప్పుకున్నాడట. నవ్వినవాళ్ళు నవ్వారు, పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నారు. కులపెద్దలు కూర్చోబెట్టి అడిగారు. తిన్నాడని ఎవరూ అనలేదు, తిన్నానని ఆయనా అనలేదు. "ఆ బర్మావోడు మోసం సేసి తీస్కెల్లినాడని ఒక్క మాట అను. పంచగవ్యం పుచ్చుకుంటే సరిపోద్ది" అని దారి కూడా చూపించారు. ఆయన ససేమిరా అన్నాడు. నా కాళ్ళతో నేనే వెళ్ళాను, తెలిశాక కూడా నేనే కూర్చున్నాను అన్నాడు. అప్పటినుంచి ఆయనకు పంక్తి లేదు.

నేను వెళ్ళి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను. కళ్ళు చికిలించి చూసి, గుర్తుపట్టి, కాలువ అవతలికి వినిపించే ఆ నవ్వు నవ్వాడు. కో తిన్ ఎలా ఉన్నాడని అడిగాడు. పెళ్ళయిందని, కొడుకు పుట్టాడని చెప్పాను.

"ఒక్క మాట అనేస్తే పోయేది కదా మేస్త్రీ. రంగంలో ఉన్నవాడికి తెలియనైనా తెలియదు" అన్నాను. నాకు దుఃఖంగా ఉంది, కోపంగానూ ఉంది.

"ఆడికి తెల్దు గానీ నాకు తెలుసు గదా, బావూ. ఈల్లకి ఒక దొంగ గావాల. ఆడు దొంగ కాడు. నానొక్కడినీ ఒంటిగా తింతే ఊరికేటి నట్టం?" అన్నాడు. తరువాత, విస్తరిలోకి చూస్తూ, "ఊసులాడ్డానికే ఎవులూ ఉండరు. అదొకటే" అన్నాడు.

వడ్డించేవాణ్ణి పిలిచి నా విస్తరి కూడా అక్కడే వేయమన్నాను. వాడు పెద్దల వైపు చూసి ఆగిపోయాడు. నేనే లోపలికి వెళ్ళి ఒక విస్తరి తెచ్చుకుని, ఆయన పక్కన పరుచుకుని కూర్చున్నాను. మేస్త్రి నా మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"లెగు, బావూ. నీకూ ఎలి పడతాది. లెగు."

భోజనం ముందు నుంచి ఒక మనిషిని లెమ్మని ఆయన అనడం నేను అంతకుముందెన్నడూ వినలేదు. నేను లేవలేదు. వెలీ పడింది, చాలా ఏళ్ళు పడింది. పిల్లల పెళ్ళిళ్ళప్పుడు దాని రుచి బాగానే చూశాను. ఏ బంతిలోనైనా ఎవరైనా ఒక్కరే విడిగా కూర్చుని కనిపిస్తే, ఈ ముసలితనంలో కూడా, నా విస్తరి ఎత్తుకుని అటే వెళతాను.