ఇంద్రజ మేడం యాభై రెండు మార్కులు

ఇంద్రజ మేడం పుట్టింది నేరేడుచర్లలో, రైతు ఇంట్లో. డిగ్రీ మిర్యాలగూడలో, బీఈడీ కోదాడలో. పంతొమ్మిదేళ్లుగా సూర్యాపేటలోని ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి ఇంగ్లీషు చెబుతోంది.

కోదాడలో ఆమె ‘ఇస్కూల్’ అన్నప్పుడల్లా లెక్చరర్ నవ్వేవాడు. ఆయన మాత్రం పరీక్షను ‘యెగ్జామ్’ అనేవాడు. ఆయన్ని చూసి విజయవాడలో ఎవరో నవ్వారట. విజయవాడ వాళ్లను చూసి హైదరాబాద్ వాళ్లు నవ్వుతారు. ఈ వరసలో అందరికంటే పైన కూర్చుని, తనను చూసి ఎవరూ నవ్వని మనిషి ఒకడు ఉండాలి. ఇంతవరకు వాణ్ని ఎవరూ చూసి రాలేదు. ఇంద్రజ రెండేళ్లు అద్దం ముందు నిలబడి ఆ ‘ఇ’ తీసేసింది. ఊరికి వెళ్లినప్పుడు మళ్లీ తగిలించుకునేది. లేకపోతే మేనత్త ఊరుకునేది కాదు: “అబ్బ, దొరసాని ఒచ్చింది, పీట ఎయ్యుండ్రి!”

బడి యజమాని పేరు రామ్మూర్తి. అందరూ కరస్పాండెంట్ సార్ అంటారు. మిర్యాలగూడలో వాళ్లకు రెండు రైస్ మిల్లులున్నాయి. ఇంగ్లీషు విషయంలో ఆయనది ఒకటే సిద్ధాంతం: తనకు అర్థమైతే అది నాసిరకం. ఇంద్రజ పాఠం గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కూడా అర్థమవుతుంది. ఇంతకంటే పెద్ద నేరం ఏముంటుంది?

ఈ మార్చిలో ఆయన ఫోన్లోకి ఒక యాప్ దిగింది. ఒక పేరా చదివితే చాలు, ఉచ్చారణకు వందకు ఇన్ని అని మార్కులు వేస్తుంది. ధాన్యంలో తేమ కొలిచే మిషన్‌ను నమ్ముకుని బతికిన మనిషికి పండగే. బస్తాను మూడు చోట్ల గుచ్చి చూసినట్టు ఒక్కో టీచర్ చేత మూడేసి సార్లు చదివించి సగటు తీశాడు. డెబ్బై దాటితే హైస్కూలు. దాటకపోతే జూన్ నుంచి ఎల్‌కేజీ. నోరు తిరగదని తేలినవాళ్లను సరిగ్గా నోరు తిరగడం నేర్చే పిల్లల దగ్గరికే పంపడమేమిటని ఎవరూ అడగలేదు. జీతాలిచ్చే చోట తర్కం అడగకూడదు.

హైదరాబాద్ కాల్ సెంటర్లో మూడేళ్లు చేసి, కొత్తగా టీచరుగా చేరిన సందీప్‌కు తొంభై ఒకటి వచ్చాయి. ఇంద్రజకు యాభై రెండు.

ఏప్రిల్‌లో ప్రైవేటు బడి టీచర్లు చేసే పని పాఠం కాదు, ప్రచారం. కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ఇంద్రజ, సందీప్ మునగాలకు వెళ్లారు. ఒక ఇంట్లో ఐలమ్మ అనే పెద్దావిడ. మనవరాలు లహరి ఆ జూన్‌లో పదికి వస్తుంది. సందీప్ రెండు నిమిషాలు ఆపకుండా ఇంగ్లీషులో దంచాడు.

“మస్తు చెప్తుండు సారు,” అంది ఐలమ్మ మురిసిపోతూ. “ఒక్క ముక్క సమజైతే ఒట్టు. మా పోరిని గీ సారు దగ్గర్నే ఏస్త.”

“పెద్దమ్మా, నేను గూడ ఇంగ్లీషే చెప్త,” అంది ఇంద్రజ.

“నువ్వా బిడ్డా? నువ్వు మనోళ్ల లెక్కనే ఉన్నవ్ గదా. నీకు ఇంగ్లీషు యాడికెల్లి వస్తది?”

తిరిగి వస్తూ హైవే ధాబాలో చాయ్ తాగారు. సందీప్‌కు కాస్త సిగ్గుగా ఉంది. “మేడం, కాల్ సెంటర్ల నా పేరు శాండీ. ఆ పేరు పెట్టుకుంటెనే ఆ గొంతు వస్తది. ఇంట్ల గట్ల మాట్లాడితె మా అమ్మ చెప్పు తీస్తది.”

“నాకు ఎల్‌కేజీ ఇస్తె మానేస్త సందీపూ,” అంది ఇంద్రజ. “పంతొమ్మిది టెన్త్ బ్యాచులు దాటిచ్చిన. ఇప్పుడు చేతులూపుకుంట రైమ్స్ పాడమంటె నాతోని కాదు.”

నెలాఖరున రామ్మూర్తి ఎల్‌కేజీకి పోయేవాళ్ల జాబితా పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చాడు. మిల్లు మిషన్ తేమ ఎక్కువ చూపిస్తే నేరేడుచర్ల రైతు బతిమాలడు. ముందు నీ గోదాములోని ఎండిన వడ్లు అదే మిషన్‌లో పోసి చూపించమంటాడు. ఇంద్రజ తండ్రి జీవితమంతా ఆ ఒక్క మాటతోనే మిల్లర్లతో వేగాడు.

“సార్, మిషన్ మంచిగుందో లేదో ఎట్ల తెలుస్తది?” అంది ఇంద్రజ. “ముందు మీ వడ్లు పోసి చూపియ్యండి.”

ఆ భాష రామ్మూర్తికి క్షణంలో అర్థమైంది. ఆ మాటకు కాదంటే రైతు ట్రాక్టర్ తిప్పుకుని పక్క మిల్లుకు పోతాడు. పైగా వార్షికోత్సవంలో ఏటా తానిచ్చే ఇంగ్లీషు ఉపన్యాసం మీద ఆయనకు గొప్ప గురి. గొంతు సవరించుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని పేరా చదివాడు.

ముప్పై ఒకటి.

“ఎల్‌కేజీ కూడ కాదు, నర్సరీ,” అంది లెక్కల టీచర్ కస్తూరి. తనలో తానే అనుకుంది పాపం, కానీ స్టాఫ్ రూము చిన్నది.

“మిషన్ కరాబుంది,” అన్నాడు రామ్మూర్తి.

“కరాబైతె అందరికీ కరాబే గద సార్,” అంది ఇంద్రజ.

యాప్‌కు ఏడాది చందా కట్టేశాడు, పారేయలేడు. “సరే, ఒక పని చేద్దాం. అందరికి ఇరవై మార్కులు కలుపుండ్రి,” అన్నాడు. బస్తాకు ఇన్ని కిలోలని తరుగు కోయడమే తప్ప కలపడం ఆ వంశంలో అదే మొదలు.

కస్తూరి అక్కడికక్కడే కూడింది. ఇంద్రజకు డెబ్బై రెండు, పదో తరగతి ఖాయం. కరస్పాండెంట్ సార్‌కు యాభై ఒకటి. సందీప్‌కు వందకు నూట పదకొండు.

“నూట పదకొండా!” రామ్మూర్తి కళ్లు మెరిశాయి. “ఫ్లెక్సీ మీద ఎయ్యుండ్రి.”

వేశారు. కోదాడ వైపు వెళ్లే బస్సుల్లోంచి సందీప్ మొహం ఇప్పటికీ కనిపిస్తుంది. పాఠం చెప్పేది మాత్రం తొమ్మిదో తరగతికి. అతని కోసమే చేరిన లహరి మొదటిరోజే లేచి నిలబడింది.

“మేడం, ఆ సారు రాడా?”

“ఆయన తొమ్మిదికి చెప్తడు. ఒక క్లాసు ఎనుకకు పోతవా, పేజీ తీస్తవా?”

లహరి పేజీ తీసింది.

ఇక ఇంద్రజను మట్టి భాష వీరనారిగా నిలబెట్టి శాలువా కప్పాలని ఎవరికైనా అనిపిస్తే, తొందరపడకండి. ఆ యాప్‌ను ఆమె తన ఫోన్లోనూ వేసుకుంది. రోజూ సాయంత్రం వంటింట్లో కుక్కర్ విజిల్స్ మధ్య ఒక పేరా చదువుతుంది. మొన్న అరవై ఒకటి వచ్చాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఒక్క కస్తూరికి తప్ప. అంటే బడి మొత్తానికి.