చిల్లుకాణీ మీద రెండు గాట్లు

మేనకోడలి నిశ్చితార్థం భంజనగర్‌లో, ఇంకా మూడు రోజులుంది. మేనమామ సొంత కారులో వచ్చి దిగాలని నా పట్టుదల. మాకు మిగిలినవాటిలో పదిమంది కంటికీ ఆనేది మా నాన్నగారి నల్ల కారు ఒక్కటే. సరిగ్గా అప్పుడే దాని ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోవడం మొదలుపెట్టింది. పొద్దున్న స్టార్ట్ చేస్తే మధ్యకి లేచేది. మా ఊరి అస్కా రోడ్డులో కాస్త తిరిగి, ఇంజను వేడెక్కాక రైల్వే గేటు దగ్గర ఆగితే చాలు, అడుగుకి జారిపోయేది.

మా కారు ఎప్పుడు చెడినా ఊళ్లో లంజిపల్లి పేటలో ఒకటే షెడ్డు. నాన్నగారి రోజుల్లో ఆ షెడ్డు మేస్త్రీ చూసేవాడు, ఇప్పుడు అతని కొడుకు. ఆ కొడుకుకీ అరవై దగ్గరపడ్డాయి. నేనతన్ని ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. కారు అమ్ముతారా అని రెండుసార్లు అడిగినవాడు దాని జబ్బు ఉన్నదున్నట్టు ఎందుకు చెబుతాడు? అందుకని బయల్దేరే ముందే నా భార్య గోళ్ల రంగు తీసుకుని డైనమోకీ, కార్బురేటర్‌కీ, ఆయిల్ ఫిల్టర్ గిన్నెకీ ఒక్కో చుక్క పెట్టాను. వస్తువు మారితే తెలిసిపోవాలి. మడతకుర్చీ కూడా వెంట తీసుకెళ్లి, షెడ్డులో కారు ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

అతను ముందు ఆయిల్ మట్టం చూశాడు. సరిగానే ఉంది.

“ఈ ముల్లు మాట నమ్మలేం బాబూ, ముసిల్దైపోయింది. నా మీటరెట్టి సూస్తాను” అన్నాడు.

అతని మీటరు కూడా అంతే తక్కువ చూపించింది.

“నీ మీటరు మంచిదేనని ఏమిటి నమ్మకం?”

అతను బయట ఆగి ఉన్న జీపుకి అదే మీటరు బిగించాడు. ముల్లు టక్కున లేచి నిలబడింది.

“దీనికి మీరంటే పడదేటో మరి!”

పక్కనున్న ఆటోవాలా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ తర్వాత ఇంజను పక్కనున్న పెద్ద బోల్టు మీద రెంచీ పెట్టి ఆగిపోయాడు. దాని వెనక ప్రెషర్ వాల్వు స్ప్రింగు ఉంటుంది. అది నీరసించినా ముల్లు పడిపోతుంది.

“బాబూ, అలాగెల్లి టీ తాగి రండి.”

“నాకు టీ వద్దు.”

“పోనీ, ఎండ మొకం మీద కొడతంది. కుర్చీ అటేపు ఏసుకోండి.”

“నా మొహం సంగతి నీకెందుకు? విప్పు.”

నా అనుమానం రూఢి అయింది. మార్చదలచుకున్నదేదో ఇక్కడే మారుస్తాడు. కుర్చీ ఇంకా ముందుకి జరిపాను. మోకాలు బంపర్‌కి తగిలింది.

అతను నిట్టూర్చి విప్పాడు. వేడి ఆయిల్ కారింది. స్ప్రింగుతో పాటు గుండ్రటి రాగి బిళ్ల ఒకటి అతని అరచేతిలో పడింది. గబుక్కున గుప్పిట మూశాడు.

“ఏమిటది?”

“ఏటీ లేదు బాబూ, వాసరు.”

“వాషరైతే దాచడమెందుకు?”

గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. చిల్లుకాణీ. అంచున పక్కపక్కనే రెండు ఆకురాయి గాట్లు.

ఆ గాట్లు మా నాన్నగారివి. గొడుగు పిడి మొదలు కారు సామాను దాకా ఆయన తన ప్రతి వస్తువుకీ పెట్టుకున్న గుర్తు. మా ఇనప్పెట్టె తాళాల గుత్తికి అలాంటి కాణీలు ఎర్రదారంతో కట్టి ఉండేవి.

“మా అయ్య ఏసాడండి” అన్నాడతను, నా వైపు చూడకుండా. “ఇంజను అప్పుడికే అరిగిపోయింది. ఇప్పుదామంటే పెదబాబుగారు ఒద్దన్నారంట. నా పక్కన కూకున్నోడు ముల్లు సూస్తాడు, అది పడకుండా సెయ్యరా అని, తాళాల గుత్తిలోంచి ఇది తీసిచ్చారంట. స్ప్రింగు ఎనకాలెడితే బిగుసుకుంటాది, ముల్లు లేస్తాది. మీకు సెప్పొద్దన్నాడు మా అయ్య.”

మా కారు ముల్లు ఎప్పుడూ తల దించదని నేను ఎన్ని పెళ్లిళ్లలో, ఎంతమందితో చెప్పుకున్నానో.

“కొత్త స్ప్రింగేసి, ఇది మల్లీ ఎట్టేస్తే ముల్లు లేస్తాది. భంజనగర్ ఎల్లొచ్చు. దారిలో బేరింగులు పట్టేస్తే మాత్రం నన్ననకండి. నిజంగా బాగుపడాలంటే ఇంజను దింపాల. పది రోజులు.”

కాణీ జేబులో వేసుకున్నాను.

“దింపు” అన్నాను.

భంజనగర్‌కి బస్సులో వెళ్లాను. మగపెళ్లివారి ముందే మా చెల్లెలు “అన్నయ్యా, కారేదీ?” అంది. “ఇంజను అరిగిపోయింది. షెడ్డులో ఉంది” అన్నాను. మా నాన్నగారైతే ఆ రెండో మాట మాత్రమే చెప్పేవారు.

కారు తెచ్చుకునే రోజున బానెట్ ఎత్తి నా చుక్కలు చూసుకున్నాను. డైనమో మీద ఉంది. కార్బురేటర్ మీద ఉంది. ఫిల్టర్ గిన్నె మీది చుక్క మాత్రం నా ఎరుపు కాదు, గులాబి.

“కడుగుతుంటే మీ సుక్క పోయింది బాబూ” అన్నాడతను వెనక నుంచి. “మా కోడలి రంగు తెచ్చి మల్లీ ఎట్టాను.”

అయినా నేను చెయ్యి పెట్టి గిన్నె అడుగున తడిమాను. రెండు గాట్లు వేలికి తగిలాయి.