నాయిన చేతికి కట్టిన తెర

మా నాయినకు చెవులు పోయింది సాంచాల దగ్గర. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. బతకడానికి గుజరాతీల ఊరికి వలసొచ్చి మేమున్న గోడాదరా పేటలో, మా గది వెనక సందులోనే ఆయన పనిచేసే ఖాతా, అంటే సాంచాల షెడ్డు, ఉండేది. వరసగా సాంచాలు, పగలూ రాత్రీ ఒకటే దడదడ. అందులో జీవితమంతా నిలబడ్డ మనిషికి వినికిడి మిగిలితేనే వింత. అది ఒక్కరోజులో పోలేదు గనక మేమూ ఒక్కరోజులో గుర్తించలేదు. ముందు టీవీ శబ్దం పెరిగింది, తర్వాత మా గొంతులు పెరిగాయి, ఆఖరికి ఆయన అన్నిటికీ తలూపడం మొదలుపెట్టాడు. అన్నం పెట్టాలా అన్నా ఊపుతాడు, తిన్నావా అన్నా ఊపుతాడు. చెవిలో పెట్టుకునే మిషన్ కొనిచ్చాం. మోత పెరిగింది గానీ మాట తెలుస్తలేదని దాన్ని తీసి గూట్లో పడేశాడు.

చిన్నప్పుడు అమ్మతో కలిసి ఆయనకు అన్నం డబ్బా పట్టుకెళ్లేదాన్ని. ఖాతాలో ఎవరూ నోటితో మాట్లాడేవాళ్లు కాదు, మాట్లాడినా లాభం లేదు. అన్నీ చేతులే. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నాడని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపితే, పోగు తెగింది, అతుకుతున్నా, ఆగమని. అమ్మకు ఈ సైగలన్నీ వచ్చు. ఇంట్లో వాళ్లిద్దరి పోట్లాటలు కూడా సగం చేతులతోనే జరిగేవి. అమ్మ మార్కెట్ నుంచి వచ్చిన చీరలకు మడతలు వేస్తూ కూర్చునేది. మడత వేసి, దాని మీద బొటనవేలి గోరుతో బర్రున గీసి, కట్టలో పెట్టేది. చీర మీద ఒక చేయి, నాయినతో సైగలకు ఒక చేయి. ఆ గదినీ, ఆ దడదడనూ తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది. మోత మీద బెంగేమిటని నవ్వేవాళ్లు నవ్వనీ.

ఇప్పుడు నేను సచిన్ పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో వంగే తెరలు డిజైన్ చేస్తాను. అద్దం ఉండదు, పలచటి ప్లాస్టిక్ పొరల మీద తయారవుతాయి, చేతికి చుట్టుకోవచ్చు. ఎదుటివాళ్ల మాటను ఫోన్ విని, మణికట్టు మీది పట్టీలో అక్షరాలుగా చూపించే నమూనా ఒకటి మొదలైనప్పుడు నేను ఎగబడి మరీ ఆ పని తీసుకున్నాను. ఎవరి కోసమో చెప్పనక్కర్లేదు.

చిక్కల్లా అంచు దగ్గర వచ్చింది. తెరకు కరెంటు మోసే తీగలన్నీ అంచులోనే పరుగెడతాయి. పట్టీయే సన్నం, అందులో సగం అంచే మింగేస్తే ఇక అక్షరాలకు చోటేది? "చాల్సే" అన్నాడు మా గుజరాతీ బాసు, సరిపోతుందిలే అని. ఆయనకేం, ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా ఒకే వరసలో కూర్చుంటాయి. మన అక్షరానికి పైన గుడి కావాలి, కింద వొత్తు కావాలి. వొత్తులు తెగిన తెలుగును మా నాయిన ముందు పెట్టనని మొండికేశాను. అంచును వెనక్కి మలిచి దాచాలి, కానీ మలిచినచోట తీగలు చిట్లుతున్నాయి. ఏ వస్తువును వంచినా బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు ముడుచుకుంటుంది. మధ్యలో ఎక్కడో సాగకుండా ముడుచుకోకుండా ఉండే చోటు ఒకటుంటుంది. తీగల్ని అక్కడికి చేర్చడానికి ఎన్ని నమూనాలు పాడుచేశానో, బాసు చేత ఎన్ని చీవాట్లు తిన్నానో. చివరికి ఒకటి నిలబడింది. వంచే మిషన్ మీద పెట్టి వంచగా వంచగా మిషనే అలిసిపోయింది గానీ అది చిట్లలేదు.

దాన్ని ఇంటికి తెచ్చి నాయిన చేతికి కట్టాను. "చీరలెక్క వంగుతది, ఏం గాదు" అని అమ్మ ముందు గొప్పలు కూడా పోయాను. అమ్మ ఫోన్ దగ్గరికి వంగి, "చాయ్ తాగుతవా?" అంది. నాయిన మణికట్టు కళ్ల దగ్గరికి తెచ్చుకుని కూడబలుక్కుని చదివాడు. "తాగుత. శక్కెర జర తక్వ ఎయ్యి" అన్నాడు. అమ్మ అలాగే నిలబడిపోయింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషం పట్టలేక.

కొన్నాళ్లు పండగలా గడిచింది. నాయిన మాటకు మాట చెప్పాడు, జోకులకు మాతోపాటే నవ్వాడు. అమ్మ మాత్రం సణిగేది. మా యాస ఫోన్‌కు సరిగ్గా అర్థం కాదు. "మొగనితోని టీవీల వార్తలు జదివినట్టు మాట్లాడాల్నా?" అనేది. ఇంకోరోజు ఉండబట్టలేక అనేసింది. "గా పట్టీ గట్టినంక మీ నాయిన నా మొకం జూస్తలేడు బిడ్డా. ఎప్పుడు జూడు తల కిందికే."

"వినవడ్తుంది గదా, ఇంకేం గావాలె నీకు?" అని విసుక్కున్నాను.

ఓ ఆదివారం నాయిన స్నానానికి పోతూ పట్టీ విప్పి మంచం మీద పెట్టాడు. వచ్చేసరికి అది లేదు. వెతగ్గా వెతగ్గా పరుపు కింద దొరికింది. సరిగ్గా మధ్యకు మడతపెట్టి, గోరుతో గీసి, ఇస్త్రీ కోసం చీరను పెట్టినట్టు పెట్టింది అమ్మ. "చీరలెక్కనే అంటివి గదా! మంచం మీద ముడ్తలు వడి ఉంటె సాపు జేసిన" అంది. వంగడం వేరు, మడత వేరు అని పట్టీకి తెలుసు, నాకు తెలుసు, అమ్మకెవరు చెప్పారు? చెప్పాల్సింది నేనే. కానీ ఆ నిమిషంలో నాకు అదేం తోచలేదు, నోటికొచ్చినట్టు అరిచాను.

నాయిన మా ఇద్దరి ముఖాలూ చూసి, పట్టీ అందుకుని చేతికి కట్టుకున్నాడు. అది వెలిగింది. నడిమధ్యన నల్లటి గీత. బల్ల మీద ఫోన్ నా అరుపులన్నీ వింటూనే ఉంది. గీతకు అటూ ఇటూ నా మాటలే కనబడుతున్నాయి. ‘నీకు బుద్ధి ఉందా’ అన్నది అంత చిట్లిన తెర మీద కూడా స్పష్టంగా చదవొచ్చు, వొత్తుతో సహా.

నాయిన అది చదివాడు. మెల్లగా పట్టీ విప్పేసి నా వైపు చూశాడు.

"పోగు తెగితె సాంచను తంతమా బిడ్డా?"

తర్వాత అమ్మ వైపు తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపాడు. తెగింది, అతుకుదాం, ఆగు. అమ్మ కళ్లు తుడుచుకుని, తనూ వేళ్లు నలిపి చూపించింది. నేనూ వాళ్ల ఎదుటికి వెళ్లి అదే సైగ చేశాను. నాయిన నవ్వాడు.

కొత్త పట్టీ తయారైంది. మడతపెట్టబోతే అడ్డుపడేలా ఈసారి లోపల మెత్తటి వెన్ను ఒకటి పెట్టాను. అంచు మాత్రం వెడల్పు కానివ్వలేదు. నేను మాట్లాడుతుంటే నాయిన దాన్ని కట్టుకుని, ఒక్క మాట వదలకుండా చదువుతాడు. అమ్మతో మాట్లాడాలంటే విప్పి బల్ల మీద పెట్టి, ఆమెకు ఎదురుగా వచ్చి కూర్చుంటాడు.