వణకని అంకె

రొయ్యల గుంటకు కాపలా కాస్తున్న లాప్‌టాప్‌లో ఇంకా పరీక్షల్లోనే ఉన్న సిస్టమ్‌ను ఎక్కించిన ఘనుడు మా ఇందుకూరుపేట మండలంలో నేనొక్కణ్ణే. "పనిలో ఉన్న మిషన్‌లో వెయ్యకండి" అని మొదటి పేజీలోనే రాసి ఉంది. అది కొత్తవాళ్లకు చెప్పిందనుకున్నాను.

అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఊరికే వచ్చేదాన్ని వదలను. డబ్బు కట్టనక్కర్లేని ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతూ, ప్రతి అప్‌డేట్‌నూ అందరికంటే ముందు వేసి, ఏది పనిచేస్తోందో ఏది లేదో ఫోరంలో రాసే స్వచ్ఛంద పరీక్షకుల్లో చేరాను. ఆ గుంట మా అంగడికి మేత కోసం వచ్చే అక్కది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే కంపెనీ పెట్టె ఆమె కొనబోతే ఆపింది కూడా నేనే. "ఎందుకక్కా దండగ? నా పాత లాప్‌టాప్‌కి ఒక సెన్సర్ తగిలిస్తే చాలదూ?" అంకె నాలుగుకు దిగితే ఆమె ఫోన్ మోగుతుంది, నీళ్లు చిలికే ఏరియేటర్లు వేస్తుంది. అందాకా కరెంటు ఆదా.

రొయ్యలు పట్టి అమ్ముకునే పట్టుబడికి ఇంక వారమే ఉంది. ఆ పొద్దున గుంట పక్క షెడ్డులో అప్‌డేట్ వేశాను. కీబోర్డు, సౌండు, వైఫై అన్నీ భేషుగ్గా ఉన్నాయి. తెరమీద అంకె 5.2. "సమస్యలేమీ లేవు" అని అందరికంటే ముందు ఫోరంలో రాసి, కాలరెగరేసుకుంటూ అంగడికి వచ్చాను.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. ఆకు కదలడం లేదు. ఇలాంటి పూట గుంటలో ఆక్సిజన్ పడిపోతుందని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఫోన్‌లో చూశాను: 5.2. ఒకరికి మేత తూచి మళ్లీ చూశాను: 5.2. ఎదురుగా ఖాళీ కాటా మీద చివరి అంకె ఫ్యాను గాలికే అటూ ఇటూ ఆడుతోంది. వణకని కాటాను మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఫోన్‌లో 5.2 మాత్రం పొద్దుటినుంచీ కదల్లేదు.

అక్కకు ఫోన్ కలవలేదు. బండి తీశాను.

ఆమె షెడ్డు ముందు కూర్చుని వల బాగుచేసుకుంటోంది.

"ఏరియేటర్లు వెయ్యక్కా!"

"ఐదుకు పైనే ఉండాది గదబ్బయా. ఊరికే వేస్తే కరెంటు బిల్లు మీ నాయన కడతాడా?"

"ఆ అంకె చచ్చిందక్కా. నీళ్ల వైపు చూడు."

గట్టువారన అన్నీ మీసాలే. రొయ్యలు గాలికోసం పైకి తేలి కొట్టుకుంటున్నాయి. ఆమె వల విసిరేసి స్విచ్చు దగ్గరికి పరుగెత్తింది.

నేను లాప్‌టాప్ ఆపి, అందులో ఇంకా ఉన్న పాత సిస్టమ్‌తో లేపాను. అది లేచేదాకా రొయ్యలతో పాటు నాకూ ఊపిరాడలేదు. 2.1. అప్పుడు మోగింది ఆమె ఫోన్.

"ఇప్పుడా ఇది అరిచేది! ఏమొచ్చింది దీనికి?"

తీగ పోయిందక్కా అంటే సరిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"దీనికేం రాలేదక్కా. పొద్దున నేనే కొత్తది ఎక్కించినా. సెన్సర్ దానికి అంతుపట్టలా. పాత అంకెనే చూపిస్తా కూర్చునింది."

ఆమె నా వైపు చూడనైనా లేదు. అంకెనే చూస్తోంది. 2.4. మళ్లీ 2.3. 2.9. అది నాలుగు దాటేదాకా ఇద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇంటికి పోయి ఫోరంలో పొద్దుటి మాట తప్పని రాసి, జరిగింది జరిగినట్టు పెట్టాను. ముక్కూమొహం తెలియని మనిషెవరో ఆ సిస్టమ్‌లోని తప్పు సరిచేసి పంపి, అదే సెన్సర్‌తో మళ్లీ చూడమన్నాడు. గుంట గట్టు ఎక్కకుండా కింద నిలబడే, సెన్సర్ కాసేపు ఇమ్మని అక్కను అడిగాను.

"ఏరియేటర్లు తిరగతా ఉన్నంతసేపు తీసుకో. బకెట్లో చూసుకో. ఆ కొత్తది నా గుంట కాడికి తెచ్చినావంటే కాళ్లిరగ్గొడతా."

బకెట్ నీళ్లలో సెన్సర్ ముంచి, చెయ్యి పెట్టి కలిపాను. అంకె వణికింది. ఈసారి ఒక పూటంతా చూసి, ఆ తర్వాతే బాగుందని రాశాను.

చచ్చిన రొయ్యలు నాలుగు తట్టలు. అక్క ధర చెప్పింది. అలవాటు కొద్దీ బేరానికి నోరు తెరిచాను, మూసుకుని ఇచ్చాను. ఆ రోజు కరెంటుతో కలిపి కూడితే, నేను కొననివ్వని పెట్టె ధర కంటే ఎక్కువే తేలింది. ఆ పెట్టెను ఆమె మరుసటి వారం కొనుక్కుంది.